ఒక్క మెతుకు పట్టి చూస్తే

అమెరికా అధ్యక్ష ఎన్నికల ఏడు వచ్చిందంటే చాలు, జనవరి నుంచే మన పత్రికల్లోనూ, అమెరికాలో పిల్లలున్న మన ఇళ్లలోనూ అయోవా, న్యూహాంప్‌షైర్ అనే రెండు పేర్లు వినిపించడం మొదలవుతుంది. మిగతా మూడేళ్లూ ఆ రెండు రాష్ట్రాల ఊసెవరికీ పట్టదు. ఆ నెలలో మాత్రం అక్కడ గెలిచినవాళ్లే పార్టీ అభ్యర్థి అవుతారనీ, అక్కడ ఓడితే ఇక ఇంటికేననీ అందరూ తీర్మానించేస్తారు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదా అన్న ధోరణి. వంట చేసేవాళ్లకి తెలుసు, ఆ మెతుకు సాక్ష్యం చెల్లేది కుండా, ఎసరూ, సెగా ఒక్కటే అయినప్పుడని. అయోవా మెతుకు నలిపి చూసి సౌత్ కరోలినా అన్నం సంగతి చెప్పేవాళ్లు ఎప్పుడూ పొయ్యి దగ్గర నిలబడి ఉండరు.

నేను రాజనీతిశాస్త్రం చదివినదాన్ని కాదు. కథని ఎవరు, ఎక్కడ నిలబడి చెబుతున్నారని చూడటం అలవాటైనదాన్ని. అందుకే ఈ ప్రశ్నని పుస్తకాల్లోంచి పట్టుకున్నాను. అమెరికాలో ఎన్నికల ప్రచారం గురించి రాయడం ఒక సాహిత్య ప్రక్రియగా స్థిరపడిపోయింది. థియొడోర్ వైట్ 1961లో 'ది మేకింగ్ ఆఫ్ ద ప్రెసిడెంట్ 1960' రాసిన దగ్గర్నుంచీ అది గెలిచిన మగవాడి కథ. ఫలితం తెలిశాక వెనక్కి తిరిగి రాసేది కాబట్టి అందులో ప్రతి మంచు ఉదయమూ ఒక శుభశకునమే. దీనికి ఎదురుగా ఇంకో చిన్న అర ఉంది. ఓడిన స్త్రీలు రాసుకున్న పుస్తకాలు. షిర్లీ చిషోమ్ 'ది గుడ్ ఫైట్' (1973), హిల్లరీ క్లింటన్ 'వాట్ హాపెన్డ్' (2017), ఎలిజబెత్ వారెన్ 'పర్‌సిస్ట్' (2021), కమలా హారిస్ '107 డేస్' (2025). రెండు అరల్నీ పక్కపక్కన పెట్టుకు చదివితే, తొలి పోటీలు జోస్యం చెబుతాయా అన్న ప్రశ్న వెనకే ఇంకో ప్రశ్న లేస్తుంది. ఆ జోస్యం వల్ల ఎవరికి ఏం జరుగుతుంది?

ముందు లెక్క తేల్చుకుందాం. 1980 నుంచి 2016 వరకు, పదవిలో ఉన్న అధ్యక్షుడు బరిలో లేకుండా రిపబ్లికన్లు అయోవాలో ఏడుసార్లు పోటీపడ్డారు. అక్కడ గెలిచినవాడు చివరికి అభ్యర్థి అయింది రెండేసార్లు, 1996లో బాబ్ డోల్, 2000లో చిన్న బుష్. 2008 విజేత హకబీ, 2016 విజేత క్రూజ్ ఏమయ్యారో మనకి తెలుసు. 2012 సంగతి మరీ వింత. ఆ రాత్రి 8 ఓట్ల తేడాతో రామ్నీ గెలిచాడన్నారు. రెండు వారాలయ్యాక, కాదు, 34 ఓట్లతో శాంటోరమ్ ముందున్నాడన్నారు. ఈలోగా రామ్నీ విజేత హోదాలో న్యూహాంప్‌షైర్ కూడా గెలిచేశాడు. తప్పుడు ఫలితం కూడా నిజం ఫలితం చేసే పనంతా చేసి పెట్టింది. డెమొక్రాట్ల విషయంలో అయోవా కాస్త మెరుగే కానీ అక్కడా 1988లో గెపార్ట్, 1992లో హార్కిన్, 2020లో బుటిజెజ్ ఉన్నారు.

న్యూహాంప్‌షైర్ మాత్రం చాలాకాలం ఒక నియమం పాటించింది. 1972 నుంచి 2016 దాకా రెండు పార్టీల అభ్యర్థుల్లో ప్రతి ఒక్కరూ అక్కడ మొదటిస్థానంలోనో రెండోస్థానంలోనో వచ్చినవాళ్లే. 2020లో ఆ నియమం కూలింది. బైడెన్ అయోవాలో నాలుగోవాడు, న్యూహాంప్‌షైర్‌లో ఐదోవాడు. ఫిబ్రవరి 29న సౌత్ కరోలినాలో, ముఖ్యంగా నల్లజాతి ఓటర్ల బలంతో గెలిచి అభ్యర్థి అయ్యాడు, అధ్యక్షుడూ అయ్యాడు.

అంటే తొలి పోటీ ఎవరు అభ్యర్థి అవుతారో సరిగ్గా చెప్పలేదు. ఎవరు కాలేరో చెప్పేది, చెప్పి ఊరుకోకుండా వాళ్లని కాకుండా చేసేది. ఓడినవాళ్లకి విరాళాలు ఆగిపోతాయి, విలేఖరులు బస్సు దిగిపోతారు, మర్నాడు పేపర్లో పేరు కిందకి జారుతుంది. జల్లెడ ఉనికలో గింజ ఉందా అన్నదానికి జల్లెడ కన్నం ఎంతన్నదే జవాబు.

ఈ జల్లెడ ఎలా వచ్చిందో చూస్తే మనలాంటివాళ్లం ఇబ్బంది పడక తప్పదు. 1968లో హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ పోటీ చెయ్యకుండానే చికాగోలో డెమొక్రాట్ల అభ్యర్థి అయ్యాడు. గదుల్లో పెద్దమనుషులు కూర్చుని తేల్చేశారు, బయట పోలీసులు యువకుల్ని చితకబాదారు. ఆ అవమానంలోంచి సంస్కరణలు పుట్టాయి. అభ్యర్థిని ఓటర్లే ఎంచుకోవాలన్నారు, ప్రతినిధుల్లో స్త్రీలకీ, యువతకీ, మైనారిటీలకీ తగిన చోటుండాలన్నారు. డెమొక్రాటిక్ మహాసభలో 1968లో 13 శాతం ఉన్న స్త్రీలు 1972కి దాదాపు 40 శాతమయ్యారు. అదే సంస్కరణల ఫలితంగా, దాదాపు కాకతాళీయంగా, 1972లో అయోవా కాకస్ వరసలో మొదటికొచ్చింది. న్యూహాంప్‌షైర్ అయితే 1920 నుంచే తొలి ప్రైమరీ. స్త్రీలని సభలోకి తెచ్చిన తలుపే ఈ జల్లెడనీ గుమ్మంలో కట్టింది.

కాకస్ గదిలోకి ఒకసారి వెళ్దాం. 2020 వరకు అయోవాలో డెమొక్రాట్లు ఓటేసిన పద్ధతి ఇది. నడి శీతాకాలంలో, వారం మధ్య రాత్రి 7 గంటలకి బడిలోనో, చర్చిలోనో, గ్రంథాలయంలోనో చేరాలి. రహస్య బ్యాలెట్ లేదు. నచ్చిన అభ్యర్థికి కేటాయించిన మూల నిలబడాలి, తలలు లెక్కపెడతారు. చాలాచోట్ల గదిలో 15 శాతం రాని గుంపు చెల్లదు. చెల్లనివాళ్లు ఇంటికన్నా పోవాలి, ఇంకో మూలకన్నా వెళ్లాలి. అప్పుడు ఇరుగుపొరుగులు వచ్చి బతిమాలుతారు, మొహమాటపెడతారు. ప్రజాస్వామ్యమంటే ఇదీ, పొరుగువాళ్లు ముఖాముఖి మాట్లాడుకోవడం అని మగ రచయితలు దీన్ని చాలా ముచ్చటగా వర్ణిస్తారు. నాకు మాత్రం ఆ గదికి రానివాళ్లు కనిపిస్తారు. రాత్రి డ్యూటీ నర్సు, హోటల్లో గిన్నెలు కడిగే ఆమె, చంటిపిల్ల తల్లి, మంచం మీదున్న అత్తగారిని వదిలి రాలేని కోడలు. వచ్చినవాళ్లలోనైనా, భర్త ఒక మూల నిలబడితే తాను ఇంకో మూలకి నడిచి వెళ్లాల్సిన భార్య. ఆ నాలుగడుగుల దూరం ఎంతో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. రాత్రి షిఫ్టుల వాళ్లు రాలేకపోయారని 2008లో హిల్లరీ అంటే, ఓడిపోయి సాకులు చెబుతోందన్నారు. 2020లో అలాంటివాళ్ల కోసం అదనపు కేంద్రాలు పెట్టారు. అయినా 30 లక్షలకి పైగా జనాభా ఉన్న రాష్ట్రంలో ఆ రాత్రి వచ్చింది సుమారు 1,76,000 మంది. ఆ రాత్రే లెక్కింపు యాప్ చెడిపోయి ఫలితం రోజుల తరబడి తేలలేదు.

15 శాతం వచ్చిన గుంపుని 'వయబుల్' అంటారు. బతికి బట్టకట్టగలదు అని. ఈ మాట వినగానే నాకు వేరే గది గుర్తొస్తుంది. గర్భంలో పిండం బయట బతకగలదా అని అడిగేటప్పుడు వాడేదీ ఇదే మాట. 1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పు గీత గీసింది ఈ మాట మీదే. 2022లో అదే కోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. ఎవరు బతకగలరో ముందే తేల్చి చెప్పే అధికారం ఎవరిదన్న తగువు రెండు చోట్లా ఒక్కటే.

ఇక కథలు కట్టడం సంగతి. 1972 న్యూహాంప్‌షైర్‌లో ఎడ్మండ్ మస్కీ సుమారు 46 శాతంతో గెలిచాడు, మెక్‌గవర్న్ 37 శాతంతో ఓడాడు. పత్రికలు మాత్రం మస్కీ ఓడినట్టే రాశాయి, పక్క రాష్ట్రంవాడికి అంతకన్నా ఎక్కువ రావాల్సింది కదా అని. 1976 అయోవాలో ఎవరికీ కట్టుబడనివాళ్లు 37 శాతం, జిమ్మీ కార్టర్ సుమారు 28 శాతం. గెలిచింది కార్టర్ అన్నారు. 1992 న్యూహాంప్‌షైర్‌లో సాంగస్ గెలిచాడు. రెండోస్థానంలో వచ్చిన బిల్ క్లింటన్ తనకి తానే 'కమ్‌బ్యాక్ కిడ్' అని పేరు పెట్టుకున్నాడు, అందరూ ఒప్పుకున్నారు. అనుకున్నదానికన్నా బాగా చేశాడా, తక్కువ చేశాడా అన్నదే అసలు కొలత. అనుకునేది ఎవరు? తిమొతీ క్రౌజ్ 1972 ప్రచార విలేఖరుల గురించి రాసిన పుస్తకం పేరు 'ది బాయ్స్ ఆన్ ద బస్'. పేరులోనే ఉంది జవాబు. ఒకరు రాసింది చూసి ఇంకొకరు రాసే ఆ మంద అలవాటుని క్రౌజ్ బాగా పట్టుకున్నాడు. 1988లో జోన్ డిడియన్ ఇంకా లోతుకెళ్లింది. ప్రచారం నడిపేవాళ్లూ, దాన్ని రాసేవాళ్లూ కలిసి తమలో తాము ఆడుకునే ఆటగా ఎన్నికని చూపించింది. ఆమె వాక్యం చల్లగా కోస్తుంది. కానీ ఆ ఆటలో ఆడవాళ్లకి ఏ స్థానముందన్నది ఆమెకి పెద్దగా పట్టలేదు. అదొక లోటుగానే నాకు తోస్తుంది.

కన్నీళ్ల విషయం చూడండి. 1972 ఫిబ్రవరిలో, తన భార్య జేన్ గురించి నీచంగా రాసిన మాంచెస్టర్ యూనియన్ లీడర్ పత్రికాఫీసు ముందు మంచులో నిలబడి మాట్లాడుతూ మస్కీ గొంతు పూడుకుపోయింది. ఏడ్చాడని రాశారు. చెంపల మీదున్నది కరిగిన మంచు అన్నాడతను. ఎవరూ వినలేదు. ఆడదానిలా ఏడ్చేవాడు అధ్యక్షుడేంటన్నదే ఆ రాతల్లోని భావం. వాషింగ్టన్ పోస్ట్‌లో రాసిన డేవిడ్ బ్రోడర్ ఆ కథనం తనని ఇంకా వేధిస్తోందని 1987లో ఒప్పుకున్నాడు. 36 ఏళ్ల తర్వాత అదే రాష్ట్రంలో, పోర్ట్స్‌మత్‌లోని ఒక కాఫీ హోటల్లో, 2008 జనవరి 7న, రోజూ ఇదంతా ఎలా నెట్టుకొస్తున్నారని ఒక స్త్రీ అడిగితే హిల్లరీ కళ్లు చెమర్చాయి. అంతకు నాలుగు రోజుల ముందే ఆమె అయోవాలో మూడోస్థానంలో వచ్చింది, అక్కడ స్త్రీల ఓట్లు కూడా ఒబామాకే ఎక్కువ పడ్డాయి. సర్వేలన్నీ ఒబామాదే న్యూహాంప్‌షైర్ అన్నాయి. మర్నాడు ఆమె గెలిచింది. స్త్రీలు ఆమె వైపు మళ్లారు. అంతవరకు ఆమెని రాయి అన్నవాళ్లు ఇప్పుడు కన్నీళ్లు నటన అన్నారు, లేదా కన్నీళ్లే గెలిపించాయన్నారు. ఆ గెలుపు ఆమెదని మాత్రం ఎవరికీ అనాలనిపించలేదు. ఆ ప్రశ్న అడిగిన స్త్రీ ఓటు ఒబామాకే వేసిందట. ఈ చిన్న వివరం నాకు చాలా ఇష్టం. ఆడదాని కన్నీళ్లకి ఆడవాళ్లు కరిగిపోయారన్న కథకి అది అడ్డం పడుతుంది.

సరిగ్గా ఆ ప్రైమరీ రోజునే న్యూయార్క్ టైమ్స్‌లో గ్లోరియా స్టైనమ్ వ్యాసం వచ్చింది. స్త్రీలు ఎప్పుడూ ముందంజలో ఉండేవాళ్లు కారు అన్నది దాని శీర్షిక. ఒబామాకున్న అనుభవమే ఉన్న ఒక నల్లజాతి స్త్రీని ఊహించి, ఆమె ఇంత దూరం రాగలిగేదా అని అడుగుతుంది. ప్రశ్న మంచిదే. కానీ ఆ వ్యాసంతో నాకు రెండు తగువులున్నాయి. 2007 అంతా హిల్లరీయే ముందంజలో ఉంది, కాబట్టి శీర్షిక నిలవదు. ముందున్న స్త్రీ ఆ స్థానాన్ని నిలబెట్టుకోలేకపోవడం గురించి రాసి ఉంటే బాగుండేది. రెండోది పెద్దది. నల్లజాతి మగవాళ్లకి అన్ని జాతుల స్త్రీలకన్నా అర్ధశతాబ్దం ముందే ఓటు వచ్చిందని వాదిస్తూ, దక్షిణాదిలో 1965 దాకా ఆ ఓటు కాగితం మీదే ఉండిపోయిందన్న చరిత్రని ఆమె చేత్తో తుడిచేసింది. నల్లజాతి స్త్రీ ఆమె వ్యాసంలో ఊహగానే ఉండిపోయింది. బ్లాక్ ఫెమినిస్టులు వెంటనే ఆ మాట అడిగారు. ఊహించనక్కర్లేదు కదా, అలాంటి స్త్రీ 1972లోనే పోటీ చేసింది. స్టైనమ్‌కి ఆ సంగతి మనందరికన్నా బాగా తెలుసు. తాను స్వయంగా న్యూయార్క్‌లో చిషోమ్ తరఫున ప్రతినిధిగా నిలబడింది. నిలబడుతూనే మెక్‌గవర్న్ గెలిస్తే మేలన్న మనసూ దాచుకోలేదు.

చిషోమ్ 1972 జనవరి 25న బ్రూక్లిన్‌లో ఒక బాప్టిస్టు చర్చిలో తన పోటీ ప్రకటించింది. కాంగ్రెస్‌కి ఎన్నికైన తొలి నల్లజాతి స్త్రీ ఆమె. అయోవా, న్యూహాంప్‌షైర్‌ల జోలికి పోలేదు. డబ్బు లేదు. నల్లజాతి మగ నాయకులు తమని అడగలేదని మొహం తిప్పుకున్నారు, స్త్రీవాద నాయకుల్లో చాలామంది గెలిచేవాడి వెంట వెళ్లారు. 'ది గుడ్ ఫైట్'లో ఈ రెండో గాయమే నాకు ఎక్కువ తడిగా అనిపించింది. మనసు నీ వైపే, ఓటు మాత్రం గెలిచేవాడికి అన్న స్నేహితుల మీద ఆమె పెద్దగా కేకలెయ్యదు, వాళ్ల లెక్కని మన ముందు పెడుతుందంతే. కాలిఫోర్నియా ప్రైమరీకి ముందు టీవీ వాళ్లు చోటివ్వకపోతే కోర్టు ద్వారా సమయం సంపాదించుకుంది. న్యూజెర్సీలో, పెద్ద అభ్యర్థులెవరూ లేని, ప్రతినిధులతో సంబంధం లేని ఒక అభిప్రాయ ఓటింగులో మూడింట రెండొంతులతో గెలిచింది. మయామీ బీచ్ మహాసభలో 152 ఓట్లు పడ్డాయి. వాటిలో కొన్ని హంఫ్రీ తన నల్లజాతి ప్రతినిధులని వదిలిపెడితే వచ్చినవి. నాలుగోస్థానం. తొలి పోటీల పట్టికల్లో వెతికితే ఆమె ఎక్కడా ఉండదు. 1964లో మార్గరెట్ చేజ్ స్మిత్ న్యూహాంప్‌షైర్ చలిలో తిరిగి 2 శాతం తెచ్చుకుంది. ఆ ప్రైమరీ గెలిచిన హెన్రీ కేబట్ లాడ్జ్ ఆ రోజు సైగాన్‌లో రాయబారిగా ఉన్నాడు, అసలు ఊరికే రాలేదు, ఓటర్లే అతని పేరు రాసి గెలిపించారు. ఇద్దరిలో ఎవరూ అభ్యర్థి కాలేదు కానీ, ఊళ్లో లేని మగవాడు గెలవగలవాడిగానూ, గడప గడపకీ వచ్చిన స్త్రీ వింతగానూ కనిపించడం గమనించదగ్గది.

రాజనీతిశాస్త్రజ్ఞులు ఈమధ్య అసలు పోటీ తొలి ఓటుకన్నా ముందే అయిపోతుందంటున్నారు. విరాళాలు, పెద్దల మద్దతు, సర్వేలు. ఆర్థర్ హాడ్లీ 1976లోనే దీనికి కనిపించని ప్రైమరీ అని పేరు పెట్టాడు. 2008లో 'ది పార్టీ డిసైడ్స్' అనే పుస్తకం పార్టీ పెద్దల మద్దతే అన్నిటికన్నా మంచి జోస్యమని నిరూపించబోయింది. 2016లో ట్రంప్ వచ్చి దాన్ని తిరగేశాడు. కనిపించని ప్రైమరీ స్త్రీలకి కొత్త మాటేమీ కాదు. గెలవగలదా అన్న ఒక్క ప్రశ్నతో అది జరుగుతుంది. వారెన్ సంగతే తీసుకోండి. 2020 జనవరి 14న అయోవా రాజధాని డి మొయిన్ చర్చావేదిక మీద, ఇక్కడున్న మగవాళ్లంతా కలిసి పది ఎన్నికలు ఓడారు, ఇక్కడున్న ఇద్దరు స్త్రీలం ఒక్కటీ ఓడలేదని లెక్క చెప్పింది. ఆ రోజుల్లోనే, స్త్రీ గెలవలేదని శాండర్స్ తనతో అన్నాడని ఆమె, అనలేదని అతను. మూడు వారాల తర్వాత ఆమె అయోవాలో మూడోస్థానంలో వచ్చింది, నాలుగోవాడైన బైడెన్ కన్నా ముందు. మర్నాటి వార్తల్లో ఆమె కనపడలేదు. న్యూహాంప్‌షైర్‌లో మూడోస్థానంలో వచ్చిన ఏమీ క్లోబుషార్‌ని మాత్రం మెచ్చుకున్నారు, అది కూడా చెప్పాలి. ఎప్పుడూ ఒకే తూకం కాదు. 'పర్‌సిస్ట్'లో వారెన్, అంతకుముందు ఓడిన మార్తా కోక్లీ, హిల్లరీల నీడలతో కూడా తాను పోటీపడాల్సివచ్చిందంటుంది. ఒక మగవాడు ఓడితే అతను ఓడతాడు. పుస్తకం మొత్తంలో ఆమె మిగతాచోట్ల ఉత్సాహంగా, టీచరులా మాట్లాడుతుంది. ఈ చోట మాత్రం గొంతు తగ్గుతుంది.

హారిస్ ఉదంతం అన్ని సూత్రాలకీ బయటిది. 2019 డిసెంబర్ 3న, అయోవాకి రెండు నెలల ముందే, డబ్బు లేదని తప్పుకుంది. 2024లో బైడెన్ ప్రైమరీలన్నీ దాదాపుగా గెలిచి జులై 21న వైదొలిగితే ఆమె అభ్యర్థి అయింది. రెండు ప్రయత్నాల్లోనూ ఒక్క ప్రైమరీ కూడా గెలవలేదు, అసలు ఎదుర్కోలేదు. 1968లో హంఫ్రీ తర్వాత అలా వచ్చినది ఆమే, సభ మళ్లీ చికాగోలోనే. '107 డేస్' ఆ 107 రోజుల దినచర్యలా నడుస్తుంది. కాలం చాలలేదన్నది ఆమె వాదన. నేనైతే ఇంకా వెనక్కి, 2019 డిసెంబర్‌కి వెళ్లాల్సిందంటాను. పుస్తకం మొదలవ్వాల్సింది అక్కడ.

అదే 2024లో రిపబ్లికన్ల వైపు నిక్కీ హేలీ అయోవాలో మూడోస్థానం, న్యూహాంప్‌షైర్‌లో 43 శాతంతో రెండోస్థానం. ఆ పార్టీ ప్రైమరీ గెలిచిన తొలి స్త్రీ ఆమె. మార్చి 3న వాషింగ్టన్ డి.సి., రెండు రోజుల తర్వాత వెర్మాంట్. మార్చి 6న తప్పుకుంది. ఆమె రాజకీయాలతో నాకు ఏకీభావం లేదు. కానీ ఆమె తప్పుకుని రెండు నెలలయ్యాక, మే 7న, ఇండియానా ప్రైమరీలో ఆమెకి 20 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. బరిలో లేని స్త్రీ పేరు వెతుక్కుని, గెలవదని ఖాయంగా తెలిసీ ఓటేసి వచ్చిన ఆ లక్షమందికి పైబడిన మనుషుల గురించి ఎవరైనా ఒక పుస్తకం రాస్తే బాగుండును.